చదవడం నేర్పే గురువుకు చదువేది?
16,347 కొలువుల్లో కనిపించని కొలువు

2025 ఏప్రిల్ 20న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెగా డీఎస్సీ ప్రకటన విడుదల చేసింది. మొత్తం పోస్టులు 16,347. అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725, సెకండరీ గ్రేడ్ టీచర్లు (ఎస్జీటీ) 6,371, టీజీటీలు 1,781, పీజీటీలు 286, వ్యాయామ ఉపాధ్యాయులు 132, ప్రిన్సిపాళ్లు 52. ఉమ్మడి విశాఖ జిల్లా వాటా 1,134. గణితానికి మాస్టారు ఉన్నారు, జీవశాస్త్రానికి ఉన్నారు, ఆటలకూ ఉన్నారు. పిల్లవాడికి అక్షరం కూడబలుక్కోవడం దగ్గర మొదలుపెట్టి, కథ చదివి అర్థం చెప్పేదాకా తీసుకెళ్లడంలో ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఉపాధ్యాయుడి పోస్టు మాత్రం ఒక్కటీ లేదు.

ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ వెతకనక్కర్లేదు. అలాంటి పోస్టు వేద్దామంటే అర్హతగా చూపించడానికి మన విశ్వవిద్యాలయాల్లో ఆ పేరుతో పట్టా లేదు. పట్టా పెడదామంటే చదివినవాళ్లకు పోస్టు లేదు. కోర్సు లేక కొలువు లేదు, కొలువు లేక కోర్సు లేదు. ఈ ముడి ఎలా పడిందో, విప్పడానికి విశాఖ చేతిలో ఏమేం ఉన్నాయో అంకెలతోనే చూద్దాం.

59.3 నుంచి 36.3కి

పల్లె ప్రాంతాల పిల్లల చదువు స్థాయిని ఇళ్లకు వెళ్లి పరీక్షించే సర్వే ‘అసర్’. పిల్లవాడి చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ఎంతవరకు చదవగలిగితే అంత అతని స్థాయి. పెన్ను పట్టే పని లేదు, బట్టీ పట్టే వీలు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవారు 2018లో 59.3 శాతం. 2022లో 36.3 శాతం. నాలుగేళ్లలో 23 పాయింట్లు పడిపోయింది. మూడో తరగతిలో అదే కథ చదవగలిగినవారు 22.6 నుంచి 10.3 శాతానికి తగ్గారు. మధ్యలో కోవిడ్ వచ్చింది, బడులు మూతపడ్డాయి, నిజమే. కానీ కోవిడ్‌కు ముందు, 2018లో వచ్చిన అంకె కూడా సంతోషించదగ్గదేమీ కాదు. మూడో తరగతి పిల్లల్లో ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా అప్పటికే రెండో తరగతి కథ దగ్గర ఆగిపోతున్నారు.

2024 నాటికి దేశం కొంత తేరుకుంది. ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు దేశం మొత్తం మీద 2022లో 16.3 శాతం ఉంటే 2024లో 23.4 శాతం అయ్యారు. అయిదో తరగతిలో 38.5 నుంచి 44.8కి పెరిగారు. ఇది మంచి కబురే. అయినా అయిదో తరగతి పూర్తిచేసే పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి పుస్తకం దగ్గరే తడబడుతున్నారన్నది దాని రెండో ముఖం.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అసర్ పల్లెల సర్వే. విశాఖ నగరంలోని గాజువాక, మల్కాపురం, జ్ఞానాపురం పిల్లలు ఆ లెక్కలో లేరు. ఓడరేవు చుట్టూ, ఉక్కు కర్మాగారం చుట్టూ ఉన్న కాలనీల్లో ఒడియా, హిందీ ఇంట్లో మాట్లాడుతూ తెలుగులోనో ఇంగ్లీషులోనో చదువుకునే పిల్లల పరిస్థితి ఆ అంకెలను బట్టి తెలియదు. వాళ్ల కోసం విడిగా లెక్క తీయాలి, తీసేవాళ్లూ కావాలి.

5 మాటలు, 4 తప్పులు

చదవడం నేర్పడానికి ప్రత్యేక శిక్షణ ఎందుకు, తెలుగు వచ్చినవాళ్లెవరైనా నేర్పలేరా అని అడిగేవారు చాలామంది. ఒక్క వాక్యం తీసుకుందాం.

‘చెట్టు మీద పిట్ట గూడు కట్టింది.’

రెండో తరగతి పిల్ల ఒకతి దీన్ని ‘చెటు మీద పిట గుడు కటింది’ అని చదివిందనుకోండి. అయిదు మాటల్లో నాలుగు తప్పు. మార్కుల లెక్కన అయిదుకు ఒకటి. మామూలుగా ఈ పిల్లకు పడే ముద్ర ‘చదువు రాదు’. ఆ తర్వాత వేసే మందు అఆల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టించడం.

ఆ తప్పులను ఒక్కొక్కటే విడదీసి చూడండి. చెట్టు, పిట్ట, కట్టింది మూడింట్లోనూ జారిపోయింది ఒత్తే. గూడులో జారింది కొమ్ముదీర్ఘం. ‘మీద’లో గుడిదీర్ఘం సరిగ్గానే పలికింది. అంటే ఈ పిల్లకు హల్లులు వచ్చు, గుణింతాలు దాదాపు వచ్చు. నాలుగు తప్పుల వెనకున్న లోపాలు రెండే. ద్విత్వాక్షరాల మీద గట్టిగా సాధన చేయించి, కొమ్మును కొమ్ముదీర్ఘంతో పోల్చి చూపిస్తే చాలు. అఆలు మళ్లీ దిద్దిస్తే ఆ పిల్లకు కొత్తగా వచ్చేదేమీ లేదు, విసుగు తప్ప.

పక్కనున్న పిల్లవాడు అదే వాక్యాన్ని తప్పు లేకుండా చదివాడు, 20 సెకన్లు పట్టింది. నిమిషానికి 15 మాటలు. మొదటి మాట చివరి మాట దాకా గుర్తుండదు కాబట్టి అతనికి వాక్యం తలకెక్కదు. అతనికి కావలసింది అక్షరాలు కాదు, చదివిన పాఠాన్నే మళ్లీ మళ్లీ పైకి చదివి వేగం తెచ్చుకోవడం. మూడో పిల్ల గడగడా చదివేసింది. గూడు ఎవరు కట్టారని అడిగితే దిక్కులు చూసింది. ఇంట్లో మాట్లాడేది ఒడియా. ఆమెకు ముందు తెలుగు మాట కావాలి, కథ చెప్పాలి, మాట్లాడించాలి.

ఒకే వాక్యం, ముగ్గురు పిల్లలు, మూడు వేర్వేరు చికిత్సలు. ఏ పిల్లకు ఏది కావాలో పది నిమిషాల్లో పసిగట్టడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. నేర్చుకుంటే వస్తుంది. పరిశోధకులు గఫ్, టన్మర్ 1986లో ఈ విషయాన్ని ఒక చిన్న సూత్రంగా చెప్పారు: చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాన్ని ధ్వనిగా మార్చగల శక్తిని, భాష తెలిసిన శక్తితో గుణించగా వచ్చేది. కూడిక కాదు, గుణకారం. ఒకటి 0.9 ఉన్నా రెండోది 0.3 అయితే ఫలితం 0.27. రెండింట్లో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే.

420 గుణింతాలు

ఈ శాస్త్రంలో ఎక్కువ భాగం ఇంగ్లీషు పిల్లల మీద పుట్టింది. 26 అక్షరాల లిపికి రాసిన మందు తెలుగుకు ఉన్నదున్నట్టు సరిపోదు. మనకు 35 దాకా హల్లులున్నాయి. ఒక్కోదానికి తలకట్టు నుంచి ఔత్వం వరకు 12 రూపాలు లెక్కేసినా 420. దాని మీద ఒత్తులు, సంయుక్తాక్షరాలు. ఇంగ్లీషు పిల్లకు అక్షరాలు త్వరగా వచ్చేస్తాయి, అక్షరానికీ ధ్వనికీ పొత్తు కుదరకపోవడమే ఆమె చిక్కు. తెలుగు పిల్లకు పొత్తు బాగానే కుదురుతుంది, గుర్తుపెట్టుకోవలసిన ఆకారాలే వందల్లో ఉంటాయి.

మనకు దగ్గరి బంధువైన కన్నడ లిపి మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతినే బయటపెట్టింది. అక్షరాలన్నీ పట్టుబడటం ఒకటి, రెండు తరగతులతో ముగిసిపోయే పని కాదు, నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని తేలింది. తెలుగు పిల్లల మీద ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన దుగ్గిరాల వసంత ఇలాంటి పరిశోధనే చేశారు. మన పాఠ్యక్రమం మాత్రం ఒకటో తరగతి అయ్యేసరికి వర్ణమాల, గుణింతాలు అయిపోవాలని తొందరపెడుతుంది. రెండో తరగతిలో ఒత్తులు. అక్కడ వెనకబడిన పిల్లకు మూడో తరగతిలో వాటిని మళ్లీ నేర్పే పీరియడ్ టైంటేబుల్‌లో ఉండదు.

కొలమానాల్లోనూ ఇదే తిరకాసు. కేంద్రం 2021 జూలై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం ప్రకారం రెండో తరగతి పిల్ల నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి పిల్ల కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి. గడువు 2026-27. తెలుగులో ‘వెళ్లిపోతానన్నాడు’ ఒక్క మాట. ఇంగ్లీషులో ఆ సంగతి చెప్పడానికి అయిదారు మాటలు కావాలి. కాబట్టి రెండు భాషల్లో 60 మాటలు ఒకే బరువు కాదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022 మార్చిలో 10,000 బడుల్లో సుమారు 86,000 మంది మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి 20 భాషల్లో పరీక్షించి, భాషకో ప్రమాణం విడిగా కట్టడానికి కారణం ఇదే. ఆ ప్రమాణాన్ని తరగతి గదిలో వాడుకోగల చేయి కావాలిగా. అది తయారయ్యే చోటేది?

30లో 6

ఇప్పుడు మన ఉపాధ్యాయుడి తయారీని చూద్దాం. ప్రాథమిక బడిలో చెప్పాలంటే రెండేళ్ల ఉపాధ్యాయ డిప్లొమా, డీఈఎల్‌ఈడీ ఉండాలి. బీఎడ్ చేసినవాళ్లు ఒకటి నుంచి అయిదు తరగతులకు అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చిచెప్పింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య అని న్యాయస్థానమే ఒప్పుకున్నట్టు. డీఈఎల్‌ఈడీలో మాతృభాషా బోధన ఒక పేపరు. గణితం, పరిసరాల విజ్ఞానం, ఇంగ్లీషు, మనోవిజ్ఞానం, కళలు, ఇన్నింటి మధ్య అదొకటి.

బీఎడ్‌లో, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో వచ్చిన రెండేళ్ల పాఠ్యక్రమంలో, పఠనం మాట వినిపించే పేపర్లు రెండు కనిపిస్తాయి. ఒకటి అన్ని సబ్జెక్టుల్లో భాష పాత్ర గురించి, రెండోది పాఠ్యాలను చదివి ఆలోచించడం గురించి. రెండూ అర పేపర్లే. రెండోది కాబోయే టీచరు తాను బాగా చదవడానికి ఉద్దేశించింది. పిల్లలకు చదవడం నేర్పడానికి కాదు.

తర్వాత ఉపాధ్యాయ అర్హత పరీక్ష, టెట్. ఏపీ టెట్ మొదటి పేపరులో 150 ప్రశ్నలు, 150 మార్కులు. తెలుగుకు 30. అందులో విషయానికి 24, బోధన పద్ధతులకు 6. ఛందస్సు, అలంకారాలు, సమాసాలు, కవుల బిరుదులు 24 మార్కుల్లోకి వస్తాయి. పిల్లకు భాష ఎలా నేర్పాలన్నది 6 మార్కుల్లో సర్దుకోవాలి, అందులో పఠనానికి దక్కేది ఇంకా తక్కువ. కేంద్రం నడిపే సీటెట్‌లో అదే 30 మార్కులను సగం సగం పంచారు: 15 అవగాహనకు, 15 బోధనకు. పరీక్షలో ఏది ఎక్కువైతే కోచింగ్ సెంటర్లలో అదే చెబుతారు, అభ్యర్థులు అదే చదువుతారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, సర్వీసు అయిదేళ్లకు మించి మిగిలిన పాత ఉపాధ్యాయులు కూడా రెండేళ్లలో టెట్ పాసు కావాల్సి వచ్చింది. లక్షలాది మంది ఎలాగూ ఆ పుస్తకాలు పట్టుకుంటున్నప్పుడు ఆ 6ను 15 చేస్తే రాష్ట్రానికి అదనంగా రూపాయి ఖర్చు లేదు.

భాషా నిపుణులు మన దగ్గర బొత్తిగా లేరని కాదు. తెలుగు పండిట్ ట్రైనింగ్ దశాబ్దాలుగా ఉన్నదే. కానీ పండితులు చెప్పేది ఆరో తరగతి నుంచి. పిల్ల చదవడం నేర్చుకునేది ఒకటి నుంచి మూడులో. నిపుణులంతా పైమెట్టు మీద ఉన్నారు, కింది మెట్టు మీద ఒకే ఎస్జీటీ అన్ని సబ్జెక్టులూ, కొన్నిచోట్ల రెండు మూడు తరగతులూ చూసుకుంటున్నారు.

24 క్రెడిట్లు, 360 గంటలు

ఈ కొలువు ఎక్కడైనా ఉందా? అమెరికాలో ఉంది, చాలాకాలంగా ఉంది. అక్కడి ఇంటర్నేషనల్ రీడింగ్ అసోసియేషన్ 1956లో పుట్టింది, 2015లో ఇంటర్నేషనల్ లిటరసీ అసోసియేషన్‌గా పేరు మార్చుకుంది. ఆ సంస్థ 2010 ప్రమాణాల ప్రకారం ‘రీడింగ్ స్పెషలిస్ట్’ కావాలంటే టీచరుగా లైసెన్సు ఉండాలి, తరగతి గది అనుభవం ఉండాలి, ఆపైన పఠన బోధన ప్రధానంగా మాస్టర్స్ చేయాలి. అందులో ఈ రంగానికి సంబంధించిన 21 నుంచి 24 క్రెడిట్లు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పిల్లలతో పనిచేసే ప్రాక్టికమ్ సుమారు 6 క్రెడిట్లు. మన తెలుగు కుటుంబాలు వేలల్లో స్థిరపడిన టెక్సాస్‌లో అయితే మాస్టర్స్, రెండేళ్ల బోధనానుభవం, గుర్తింపు పొందిన శిక్షణ, రాష్ట్ర పరీక్ష, నాలుగూ కావాలి.

ఒక క్రెడిట్‌కు 15 గంటల తరగతి లెక్కన 24 క్రెడిట్లు 360 గంటలు. మన జాతీయ విద్యా విధానం 2020 ఉపాధ్యాయుడికి ఏడాదికి సూచించే వృత్తి శిక్షణ 50 గంటలు, అదీ అన్ని అంశాలకూ కలిపి. కేంద్రం 2021లో ప్రాథమిక అక్షరాస్యత, సంఖ్యా జ్ఞానం మీద దీక్ష ఆన్‌లైన్ వేదికలో పెట్టిన ఉపాధ్యాయ శిక్షణ నిష్ఠ 3.0లో 12 మాడ్యూళ్లున్నాయి. అవి పనికొచ్చేవే. కానీ ఫోనులో వీడియో చూసి ప్రశ్నలకు టిక్కు పెడితే సర్టిఫికెట్ వస్తుంది. ‘చెటు, పిట, కటింది’ అని చదివే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తప్పులు రాసుకుని, పాఠం కట్టి, దాన్ని పెద్దవాళ్లెవరో చూసి ఇలా కాదు అలా అని దిద్దే భాగం అందులో లేదు. 360కీ 50కీ మధ్య ఉన్న అసలు తేడా ఈ దిద్దుబాటే.

2,260 పోస్టుల పాఠం

మన రాష్ట్రంలోనే ఈ ముడి ఒకసారి విడిపోయింది, ప్రత్యేక విద్యలో. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం 1992లో వచ్చింది. ప్రత్యేక ఉపాధ్యాయుడికి రిజిస్ట్రేషన్, గుర్తింపు పొందిన డిప్లొమా, బీఎడ్ ఏర్పడ్డాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలకు అందులో చోటు దొరికింది. 2021లో సుప్రీంకోర్టు నిష్పత్తి ఖరారు చేయమంది, 2022లో కేంద్రం ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు, పైతరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 ప్రత్యేక విద్య పోస్టులు మంజూరు చేసింది: ఎస్జీటీలు 1,136, స్కూల్ అసిస్టెంట్లు 1,124.

వరస గమనించండి. ముందు గుర్తింపు, తర్వాత పట్టా, తర్వాత నిష్పత్తి, చివర కొలువు. ఇందుకు 30 ఏళ్లకు పైగా పట్టింది. మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాల రిసోర్స్ టీచర్లే నేటికీ చదవలేని పిల్లకు దొరికే దగ్గరి నిపుణులు. కానీ చదవలేని పిల్లలందరూ వైకల్యం ఉన్నవాళ్లు కారు. అయిదో తరగతిలో 63.7 శాతం పిల్లలు రెండో తరగతి కథ చదవలేకపోతే అది పిల్లల లోపం అనగలమా? వాళ్లకు కావలసింది వైకల్య ధ్రువపత్రం కాదు, చదవడం నేర్పగల టీచరు. నిజంగా డిస్లెక్సియా ఉన్న పిల్లలను వేరుచేసి గుర్తించడానికీ ఆ టీచరే కావాలి. మామూలు బోధన గట్టిగా అందిన తర్వాత కూడా మిగిలిపోయినవారెవరో అప్పుడే తెలుస్తుంది. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం తయారుచేసిన డిస్లెక్సియా గుర్తింపు పరికరం ‘డాలి’ 2015లో తొలి విడతగా హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చింది. ఆ మొదటి నాలుగులో తెలుగు లేదు.

భాషా బోధనకు ప్రత్యేక పట్టా పెట్టిన అనుభవం కూడా తెలుగు నేలకు ఉంది, అయితే ఇంగ్లీషు కోసం. హైదరాబాద్‌లో 1958లో మొదలై ఇప్పుడు ఇఫ్లూగా పిలుస్తున్న సంస్థ ఇంగ్లీషు బోధనలో పీజీ డిప్లొమా ఇస్తూ తరాల ఉపాధ్యాయులను తయారుచేసింది. ఇంగ్లీషు నేర్పడం ఒక ప్రత్యేక విద్య అని ఒప్పుకున్నవాళ్లం, తెలుగు చదవడం నేర్పడం దానంతటదే వస్తుందని ఎలా అనుకున్నాం? హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) ప్రాంగణంలో నడిచిన ఎర్లీ లిటరసీ ఇనిషియేటివ్ భారతీయ భాషల్లో తొలి పఠనం మీద టీచర్లకు మంచి సామగ్రి అందించింది. దారి ఉందని అది చూపింది. దాన్ని సర్వీసు రూల్స్‌లోకి తెచ్చే పని మిగిలింది.

1907లోనే ఇక్కడ లేచిన ప్రశ్న

విశాఖకు ఈ విషయంలో వారసత్వం ఉంది. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల బడుల తనిఖీకి వచ్చిన జె.ఎ.యేట్స్ అనే ఆంగ్ల అధికారికి పిల్లలు నేర్చుకునే తెలుగుకీ ఊళ్లో వినబడే తెలుగుకీ పొంతన కనిపించలేదు. ఆయన సందేహాన్ని అందిపుచ్చుకున్నవారిలో విశాఖ ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగార్, పర్లాకిమిడి మాస్టారు గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు ఉన్నారు. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య చరిత్రగా చెప్పుకుంటాం. దాని తొలి చోదకశక్తి బడిపిల్లవాడి వాచకం. గిడుగు అంతకుముందే సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడి పెట్టినవాడు. పిల్ల ఇంటి భాష తెలియకుండా చదువు నేర్పలేమన్నది ఆయన చేసి చూపిన పాఠం.

ఆ పాఠాన్ని రాష్ట్రం 2004లో మళ్లీ అందుకుంది. 240 బడుల్లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. విశాఖ మన్యంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు తొలి చదువు వాళ్ల మాటల్లోనే మొదలై మెల్లగా తెలుగులోకి వచ్చే ఏర్పాటు అది. 2022 ఏప్రిల్‌లో జిల్లా మూడు ముక్కలై మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది, ఉపాధ్యాయ విద్యలో మాత్రం బంధం తెగలేదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంఎడ్ ఉంది, భాషాశాస్త్రం ఉంది, మనోవిజ్ఞానం ఉంది, 1972 నుంచి దూరవిద్య ఉంది. భీమునిపట్నంలో జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్) ఉంది. మన్యం బడి, మత్స్యకారుల పల్లె బడి, ఉక్కునగరం చుట్టూ వలస కుటుంబాల బడి, అన్నీ ఒక రోజు ప్రయాణం లోపల ఉన్నాయి. తెలుగు చదవడం ఎలా నేర్పాలో నేర్పే కోర్సుకు ఇంతకంటే మంచి ప్రయోగశాల తెలుగు నేల మీద అరుదు.

11,900 రూపాయల తేడా

పట్టా ఒక్కటే పెడితే చాలదు. ఇప్పుడున్న సర్వీసు పద్ధతిలో ఎస్జీటీ మూలవేతనం 32,670 రూపాయలతో, స్కూల్ అసిస్టెంటుది 44,570తో మొదలవుతుంది. తేడా 11,900. బాగా చదువుకునే ఎస్జీటీ బీఎడ్, ఎంఏ పూర్తిచేసి ప్రమోషన్ మీద ఉన్నత పాఠశాలకు వెళ్తారు. ప్రాథమిక బడి హెచ్‌ఎం పోస్టులు కొన్ని తప్పిస్తే, పైకి వెళ్లాలంటే చిన్నపిల్లలను వదిలి వెళ్లడమే దారి. మన పద్ధతి మంచి మాస్టారికి ఇచ్చే బహుమతి ఒకటో తరగతి నుంచి విముక్తి.

దీన్ని తిరగేయవచ్చు. పఠన బోధనలో పీజీ డిప్లొమా చేసిన ఎస్జీటీకి, ప్రాథమిక బడిలోనే ఉండే షరతు మీద, స్కూల్ అసిస్టెంటు స్కేలు ఇవ్వాలి. ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌కు ఇలాంటి వారొకరు చాలు మొదట. రేవులోకి వచ్చే ఓడకు కెప్టెన్ ఉండనే ఉంటాడు, అయినా లోపలి ఇరుకు దారి దాటించడానికి రేవు పైలట్ ఎక్కుతాడు. తరగతి టీచరు స్థానాన్ని పఠన నిపుణులు తీసుకోరు. ఇరుక్కున్న పిల్లల దగ్గర తోడు నిలిచి, దాటించి, పక్క బడికి వెళ్తారు.

ఆ డిప్లొమా ఎలా ఉండాలి? ఇక్కడ నా ప్రతిపాదన 24 క్రెడిట్లు, ఉద్యోగం చేస్తూనే రెండేళ్లలో ముగించేలా. తెలుగు లిపి, ధ్వనుల నిర్మాణానికి 4. పిల్లల భాషాభివృద్ధి, ఇంటి భాష వేరైన పిల్లలకు 4. పఠన స్థాయిని పరీక్షించి లోపం కనిపెట్టడానికి 4. ధారాళత, పదసంపద, అవగాహనల బోధనకు 4. బాలసాహిత్యం, తరగతి గ్రంథాలయానికి 2. మిగిలిన 6 పూర్తిగా పిల్లలతో పర్యవేక్షణలో పని. ఒక్కో అభ్యర్థి కనీసం ఇద్దరు పిల్లలను తొలి పరీక్ష నుంచి తుది పరీక్ష దాకా నడిపించి, వారం వారం రాసిన రికార్డు చూపితేనే పట్టా.

డబ్బు గురించి అడిగేవారికి ఒక అంకె. ప్రభుత్వ బడుల్లో అభ్యసనం మెరుగుపరచడానికి ప్రపంచ బ్యాంకు 2021లో ఆంధ్రప్రదేశ్‌కు మంజూరు చేసిన ‘సాల్ట్’ పథకం విలువ 25 కోట్ల డాలర్లు. 45,000 బడులు, సుమారు 1.9 లక్షల మంది ఉపాధ్యాయులు దాని పరిధిలో ఉన్నారు. శిక్షణకు డబ్బు పెట్టే అలవాటు ప్రభుత్వానికి ఉంది. ఆ శిక్షణ ఒక పట్టాగా, ఆ పట్టా ఒక కొలువుగా మారే దారి వేయాలి.

ఈలోగా ఎస్జీటీ చేయగలిగినవి

కోర్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మొదటిది, వినడం. 30 మంది పిల్లలుంటే ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, మొత్తం 90 నిమిషాలు. రోజుకు ఆరుగురి చొప్పున 18 నిమిషాలు కేటాయిస్తే వారంలో అందరి చదువూ ఒకసారి వినవచ్చు. రెండోది, తప్పును రాసుకోవడం. మార్కు వేయకుండా ఒత్తు, దీర్ఘం, ఊహించి చదవడం, అర్థం అని నాలుగు గళ్లు గీసి గీత పెట్టుకుంటే నెల తిరిగేసరికి ఎవరికేం కావాలో కాగితమే చెబుతుంది. మూడోది, ఆ కాగితాన్ని స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి తీసుకెళ్లడం. సర్క్యులర్లు చదువుకునే ఆ మధ్యాహ్నంలో ఒక అరగంట పిల్లల చదువు రికార్డుల మీద మాట్లాడుకోవచ్చు. ఎంఎడ్ చేస్తున్నవారికి డిజర్టేషన్ ఎలాగూ తప్పదు. తెలుగు పిల్లలు ఒత్తుల దగ్గర ఎలా తడబడతారో, ఎప్పుడు తేరుకుంటారో విశాఖ బడుల్లోంచి లెక్క తీసి రాస్తే రేపటి కోర్సుకు అదే పాఠ్యపుస్తకం.

2026తో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్లు. నిపుణ్ భారత్ గడువు కూడా 2026-27. నూరేళ్ల పండుగకు తోరణాలు, సావనీర్లు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు 30 మంది ఎస్జీటీలతో తెలుగు పఠన బోధనలో తొలి పీజీ డిప్లొమా బ్యాచ్ మొదలుపెడితే, ఒక్కొక్కరి చేతి కింద 30 మంది లెక్కన తొలి ఏడాదే 900 మంది పిల్లలకు శిక్షణ పొందుతున్న టీచరు దొరుకుతారు. తర్వాతి డీఎస్సీ ప్రకటనలో ఏడో విభాగంగా ఒక కొత్త వరస చేరుతుంది. దాని పక్కన మొదటిసారి ఎంత చిన్న అంకె ఉన్నా ఫరవాలేదు, సున్నా కాకపోతే చాలు.